మన చెరువు రొయ్య మన కంచంలోకి రావాలంటే

మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడు. ఓ ఆదివారం వాట్సాప్‌లో రొయ్యల ప్యాకెట్ ఫొటో పెట్టాడు. ఒక్కో రొయ్య బొటనవేలంత లావు. తల తీసి ఉంది, తోక ఉంది, పేగు కూడా తీసేశారు. ప్యాకెట్ వెనక ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అని రాసి ఉంది. ‘‘బావా, ఇవి మన భీమవరం వైపువే అయ్యుంటాయి కదూ’’ అన్నాడు. అదే పూట కూకట్‌పల్లిలో మా ఇంట్లో కిలో రొయ్యలు మూకుడులో వేస్తే సగం దాకా నీళ్లూరాయి. అవి ఇగిరాక చింతగింజలంత రొయ్యలు మిగిలాయి. నేను పెరిగింది చెరువు గట్ల మధ్య. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇందులో వింతేమీ లేదు. 2023-24లో మన దేశం 17.81 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసి 60,523 కోట్ల రూపాయలు సంపాదించింది. అందులో మూడింట రెండొంతుల డబ్బు ఫ్రోజెన్ రొయ్యలదే. వాటిని అందరికంటే ఎక్కువగా కొన్నది అమెరికా, తర్వాత చైనా. దేశంలో పెంచే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. చేపల సంగతి వేరు, వాటిలో ఎక్కువ భాగం మనమే తింటాం. రొయ్య మాత్రం మన నీళ్లలో పుట్టి, మన కరెంటుతో తిరుగుతూ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కింద పెరిగి, మన ముందు నుంచే లారీ ఎక్కి విశాఖ పోర్టుకు పోతుంది.

ఆ ఆదివారం తర్వాత కొన్నాళ్లు పట్టుబట్టి తిరిగాను, తెలిసినవాళ్లందరినీ విసిగించాను. నాకు అర్థమైంది ఇది. మంచి రొయ్య దొరికే చోట్లు రెండు. ఒకటి చెరువు గట్టు లేదా రేవు, అంటే లారీ ఎక్కకముందు. రెండోది ఫ్యాక్టరీ దాటి వచ్చిన ఫ్రోజెన్ ప్యాకెట్. మనలో ఎక్కువమంది కొనేది ఈ రెండింటికీ మధ్యలో, ఒలిచి, కడిగి, రేకు పళ్లెంలో కుప్ప పోసిన చోట. రొయ్య పాడయ్యేది సరిగ్గా అక్కడే.

ముందు కౌంట్ నేర్చుకోండి

రొయ్యల వ్యాపారమంతా కౌంట్ మీద నడుస్తుంది. కిలోకు ఎన్ని తూగితే అది కౌంట్. 30 కౌంట్ అంటే ఒక్కోటి 33 గ్రాములు, 50 కౌంట్ అంటే 20 గ్రాములు, 100 కౌంట్ అంటే 10 గ్రాములు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఆక్వా జిల్లాల్లో రైతుల ఫోన్లలో పొద్దున లేవగానే తిరిగేది ఈ కౌంట్ల రేట్ల జాబితానే.

మీకిది ఎందుకంటే, దుకాణంలో ‘పెద్ద రొయ్య’, ‘మీడియం రొయ్య’ అనే మాటలకు అర్థం లేదు. ‘‘ఎంత కౌంట్?’’ అని అడగండి. అమ్మేవాడికి తెలియకపోతే పావుకిలో తూయించి లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మొదటిసారి నవ్వుతారు. రెండోసారి మీకు వేరే ట్రే తీసి చూపిస్తారు.

పెద్ద సైజు కోసం పాకులాడకండి అన్నది నా సలహా. 30, 40 కౌంట్ల మీద ఎగుమతి కంపెనీల కన్ను ఉంటుంది. ఆ సైజు స్థానిక బజారులో చవగ్గా కనపడితే, అది కంపెనీ ఎందుకు వద్దందో ముందు ఆలోచించాలి. 70 నుంచి 100 కౌంట్ రొయ్య ఇగురుకు, వేపుడుకు బ్రహ్మాండంగా ఉంటుంది. గోదావరి జిల్లాల ఇళ్లలో వంకాయలోనో, చింతచిగురులోనో వేసేది ఆ సైజే. ముప్పై కౌంట్ రొయ్య గ్రిల్ మీద ఫొటోకు బాగుంటుంది గానీ మసాలా లోపలికి పట్టదు.

చెరువు దగ్గర కొనాలంటే

భీమవరం, ఆకివీడు, కైకలూరు, అమలాపురం, నెల్లూరు వైపు మీకు చుట్టాలుంటే ఇది చదివి ఊరుకోకండి, ఇప్పుడే ఫోన్ చేయండి. అడగాల్సింది ‘‘రొయ్యలు దొరుకుతాయా?’’ అని కాదు. ‘‘ఈ వారంలో ఎవరి చెరువు పట్టుబడి ఉందండీ?’’ అని. పట్టుబడి అంటే పంట చేతికొచ్చి చెరువులో రొయ్యలు పట్టడం.

ఇప్పుడు ఎక్కువగా పెంచే రొయ్య రకం వనామీ. దాని పంట మూడు, నాలుగు నెలలది. అసలు మన దేశంలో వనామీ పెంపకానికి అనుమతి వచ్చిందే 2009లో. అంతకుముందు టైగర్ రొయ్యే రాజు. 1990లలో తెల్లమచ్చ తెగులు దాన్ని దెబ్బకొట్టింది. ఇప్పుడు చెరువుల్లో కనపడేది చాలావరకు వనామీయే.

పట్టుబడి చల్లటి వేళ, చాలాసార్లు తెల్లవారుజామున మొదలవుతుంది. కంపెనీ ఏజెంటు గుప్పెడు రొయ్య తీసి తూచి కౌంట్ చూస్తాడు. క్రేట్లు నిండుతాయి, ఐసు పడుతుంది, గంటల్లో బండి కదులుతుంది. మీరు వెళ్లాల్సింది ఆ బండి కదలకముందు. ఆ హడావిడిలో రైతు మీ రెండు కిలోల కోసం బేరాలాడే స్థితిలో ఉండడు. కాబట్టి ముందు రోజే మాట అనుకోండి, మీ డబ్బా మీరే పట్టుకెళ్లండి. పక్కనున్న నాలుగిళ్లను కూడగట్టి పది కిలోలు చెబితే రైతుకూ పట్టింపు ఉంటుంది.

గట్టు మీద చూడాల్సినవి రెండు. రొయ్య బతికుండగానే ఐసు నీళ్లలో వేస్తున్నారా? అలా చల్లబడి చచ్చిన రొయ్యకు పెంకు బిగుతుగా ఉంటుంది, తల ఊడదు. ఎండలో క్రేటులో కొట్టుకుని చచ్చినదానికి తల తొందరగా వదులవుతుంది. రెండోది, పట్టుబడి ఎందుకు జరుగుతోంది? తెగులు తగిలి రాత్రికి రాత్రి పట్టేస్తున్న చెరువైతే రొయ్య మెత్తగా, పెంకు లొడలొడలాడుతూ ఉంటుంది. తెల్లమచ్చ వైరస్ మనుషులకు సోకదు, ఆ భయం అక్కర్లేదు. కానీ చప్పబడిన రొయ్యకు మంచి రొయ్య ధర ఎందుకు పెట్టాలి? రైతు బాధ రైతుది. తగ్గించి అడిగి, ఆ పూటే వండుకునేటట్టయితే కొనండి.

ఎగుమతి మార్కెట్ కుదేలైన రోజుల్లో మంచి సైజు కూడా స్థానికంగా దిగుతుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, మన రొయ్యను మనమే తినాలన్న మాట జిల్లాల్లో గట్టిగా వినపడింది. అలాంటి వార్త చూస్తే చెరువుల వైపున్న చుట్టాలను పలకరించడానికి అది మంచి సమయం.

రేవులో చేప కొనడం

విశాఖ ఫిషింగ్ హార్బర్, కాకినాడ, మచిలీపట్నం దగ్గర గిలకలదిండి, నిజాంపట్నం... రేవు ఏదైనా మొదట చూడాల్సింది చేపను కాదు, పడవను.

పెద్ద మరబోటు సముద్రంలో రోజుల తరబడి ఉంటుంది. పది, పదిహేను రోజులైనా ఆశ్చర్యం లేదు. మొదటి రోజు పట్టిన చేప కింద, చివరి రోజుది పైన, మధ్యలో ఐసు. అన్నీ ఒకే రోజు ఒడ్డుకొస్తాయి, అన్నీ ‘ఇప్పుడే వచ్చిన చేపలే’. చిన్న ఫైబర్ తెప్ప మాత్రం రాత్రి వెళ్లి పొద్దున తిరిగొస్తుంది. దాని వలలో ఏముంటే అది ఆ పూటదే. హార్బర్ పెద్దగేటు దగ్గర వంజరం కోసం నిలబడేకన్నా, తెప్పలు ఒడ్డుకు లాగే ఇసుక మీద నిలబడితే మీకు దొరికేది తక్కువ రకం కావచ్చు గానీ తాజా చేప.

ఇంకో సంగతి, ఎగుమతి వ్యాపారికి కావాల్సిన రకాలు కొన్నే. రొయ్య, కటిల్ ఫిష్, స్క్విడ్, ట్యూనా, పెద్ద చందువలు, చైనాకు పంపే సావళ్లు. కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, గొరకల మీద అంత పోటీ ఉండదు. రుచిలో అవేం తక్కువా? కవళ్ల పులుసు మర్నాటికి ఎలా ఉంటుందో తిన్నవాళ్లను అడగండి. సిటీకి వచ్చాక ముల్లు ఎక్కువని వాటిని వదిలేశాం. ఆ వదిలేసిందే ఇప్పుడు చవగ్గా, తాజాగా ఉంది.

కానాగంతలు, ట్యూనా లాంటి నల్లకండ చేపలతో ఒక జాగ్రత్త. ఐసు లేకుండా కొన్ని గంటలుంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. అది వండినా పోదు. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు వచ్చి, తలనొప్పి పట్టుకుంటుంది. ‘నాకు చేప పడదు’ అనుకునేవాళ్లలో కొందరికి నిజానికి పడనిది ఎండలో ఉంచిన చేప. వీటిని ఐసులో కనపడితేనే కొనండి.

వేలంపాట చూడటానికి బాగుంటుంది గానీ మొదటిసారి వెళ్లినవాళ్లు అందులో దిగొద్దు. పాట కుప్ప మీద నడుస్తుంది, కిలో మీద కాదు. పైన నాలుగు మంచి చేపలు, కింద ఏముందో దేవుడికెరుక. పాట పాడుకుని పక్కకు తెచ్చి చిల్లరగా అమ్మే అక్కల దగ్గర కొనండి. కిలోకు కొంత ఎక్కువ పడుతుంది. దానికి బదులు చేపను చేత్తో పట్టుకుని చూడనిస్తారు. రెండుసార్లు వెళ్లి పేరు కలిపారంటే, మూడోసారి ‘‘అది వద్దు బాబూ, ఇది తీసుకో’’ అని వాళ్లే చెబుతారు.

చేపను ఎలా చూడాలో మీ అమ్మమ్మ చెప్పే ఉంటుంది. కన్ను ఉబ్బి మెరవాలి, లోపలికి గుంట పడకూడదు. చెంప ఎత్తితే మొప్పలు ఎర్రగా ఉండాలి, గోధుమరంగుకు తిరగకూడదు. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. పొట్ట పగలకూడదు. మొప్పలకు రంగు పూస్తారని అనుమానముంటే తడి టిష్యూతో తుడిచి చూడండి. నేనైతే అన్నిటికంటే ముందు పొట్టే చూస్తాను. కుళ్లు అక్కడే మొదలవుతుంది, దాన్ని ఎవరూ సర్దలేరు.

కేలెండర్ చూసి కొనండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. అంటే ఏప్రిల్ 15 నుంచి మే నెలాఖరు దాకా హైదరాబాదులో తాజా సముద్రపు చేప కనపడితే అది పడమటి తీరం నుంచి వచ్చి ఉండాలి, లేదా ఇంజన్ లేని చిన్న తెప్పలు పట్టింది కావాలి. జూన్ 1 నుంచి 14 దాకా రెండు తీరాలూ మూతపడి ఉంటాయి.

సరిగ్గా ఆ మధ్యలోనే, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. చేప తినాలని హైదరాబాదంతా రాంనగర్ మార్కెట్ మీద పడుతుంది. ఆ రోజు వంజరం ముక్కలు ‘ఫ్రెష్’ అంటూ కనపడితే ఎన్నాళ్ల కిందటివో మీరే లెక్కేసుకోండి. కార్తె రోజున చెరువు చేపే కొనండి. తొట్టిలో ఈదుతున్న కొరమీను అన్నిటికంటే నమ్మకం. గాలి పీల్చి బతికే చేప కాబట్టి కొద్దిపాటి నీళ్లలో కూడా ప్రాణంతో ఉంటుంది. శీలావతి, బొచ్చె అయినా కళ్ల ముందు కోయించుకోవచ్చు. ధర మండుతుంది, అది కార్తె మహిమ. రెండు రోజులాగితే దిగుతుంది.

కార్తీక మాసం దీనికి తిరగేసిన కథ. కొనేవాళ్లు తగ్గుతారు, ధర తగ్గుతుంది, కానీ సరుకు కూడా నెమ్మదిగా కదులుతుంది. చవగ్గా వచ్చిందని సంబరపడకుండా వాసన చూడండి.

సిటీ మార్కెట్‌లో రొయ్య

హైదరాబాదుకు రొయ్య సాధారణంగా రాత్రి ప్రయాణంలో థర్మకోల్ పెట్టెల్లో ఐసు మధ్య వస్తుంది. తెల్లవారుజామున రాంనగర్‌లోనో బేగంబజార్‌లోనో పెట్టె తెరుస్తున్నప్పుడు ఉన్న రొయ్యా, పదకొండింటికి మీ కాలనీ దుకాణంలో ఉన్న రొయ్యా ఒకటే కావచ్చు. కానీ మధ్యలో ఆరు గంటలు గడిచాయి, ఐసు కరిగింది. ఆదివారం మధ్యాహ్నం మిగిలింది సోమవారం ట్రేలోకి వస్తుంది. అందుకే నేను ఆది, సోమ వారాలు మానేసి శనివారం పొద్దునే వెళ్తాను.

రొయ్యను తలతోనే కొనండి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా చాలు. తల రొయ్య జాతకం చెబుతుంది. తల గట్టిగా అతుక్కుని ఉంటే మంచి రొయ్య. మెడ దగ్గర సందు కనపడి, ఎత్తితే వేలాడితే పాతది. తలలోపల పసుపు, నలుపు ద్రవం కారుతుంటే చూడనట్టే నడిచిపోండి. పచ్చి రొయ్య పెంకు గులాబీ రంగుకు తిరిగి ఉంటే వేడి తగిలిందని అర్థం. ముక్కుకు అమోనియా ఘాటు కొడితే ఇక మాట్లాడేదే లేదు.

నల్లమచ్చల గురించి అపోహ ఉంది. చచ్చాక రొయ్యలోని ఒక ఎంజైమ్ గాలి తగిలి పెంకును నల్లబరుస్తుంది. ఆ నలుపే విషం కాదు. కానీ ఐసు సరిగా పడలేదని అది చెబుతుంది. ఆ నలుపు రాకుండా కొందరు సల్ఫైట్ కలిపిన నీళ్లలో ముంచుతారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే సల్ఫైట్ ఇబ్బంది పెట్టొచ్చు. కాబట్టి మచ్చ ఒక్కటీ లేదని మురిసిపోనూ వద్దు, తల దగ్గర చిన్న మచ్చ ఉందని పారిపోనూ వద్దు.

ఇప్పుడు నా కూకట్‌పల్లి కథ. ఆ రోజు నేను కొన్నది ఒలిచిన రొయ్య. ‘‘సార్, క్లీనింగ్ పని లేదు, డైరెక్టుగా కుక్కర్లో వేసేయండి’’ అన్నాడు. తెల్లగా, ఉబ్బి, నిగనిగలాడుతూ ఉంది. ధర కూడా బాగానే ఉందనిపించింది. అక్కడే లెక్క తప్పాను.

లెక్క ఇది. కిలో నిండు రొయ్యకు తల తీస్తే 600 నుంచి 650 గ్రాములు మిగులుతుంది. పెంకు, పేగు కూడా తీస్తే సుమారు అరకిలో. అంటే నిండు రొయ్య కిలో 300 అయితే ఒలిచిన రొయ్య కిలోకు సరుకు ఖర్చే 600, పైన ఒలిచిన ఆడవాళ్ల కూలి. ఒలిచిన రొయ్య 450కే ఇస్తున్నాడంటే మిగిలిన తూకం ఎక్కడిది? నీళ్లది. ఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెడితే రొయ్య నీరు పీల్చి బరువెక్కుతుంది. మూకుడులో ఆ నీరే బయటికొస్తుంది. కాబట్టి దుకాణంలో రెండు ధరలూ అడగండి, నిండు రొయ్యదీ ఒలిచినదీ. ఒలిచినది రెట్టింపుకు తక్కువైతే వద్దు. కళ్ల ముందు తూయించి, ఆ తర్వాతే ఒలిపించుకోండి. తలలు, పెంకులు కూడా అడిగి తెచ్చుకోండి. ఎందుకో కింద చెబుతాను.

ఫ్రోజెన్ అంటే మొహం చిట్లించకండి

మనవాళ్లకు ఐసు రొయ్య అంటే చులకన. నాకూ ఉండేది. కానీ ఎగుమతి ఫ్యాక్టరీలో రొయ్య వచ్చిన కొద్ది గంటల్లో ఒలిచి, విడివిడిగా గడ్డకట్టించి, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచుతారు. రెండు రోజులు ఐసు నీళ్లలో నానిన ‘ఫ్రెష్’ కంటే అది ఎన్నో రెట్లు మేలు. ఎగుమతి చేసే కంపెనీల్లో కొన్ని దేశంలో కూడా ప్యాకెట్లు అమ్ముతున్నాయి. చెరువుకు దూరంగా ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది అదే.

ప్యాకెట్ ఎత్తి ఊపి చూడండి. రొయ్యలు గలగలమనాలి. ఒకే ముద్దగా ఉంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అనుమానించాలి. లోపల మంచు పొడి ఎక్కువగా ఉన్నా అంతే. రొయ్య మీద పలచగా ఐసు పూత ఉంటుంది, అది ఎండిపోకుండా కాపాడటానికి. ఆ పూత బరువు నెట్ వెయిట్‌లో కలపకూడదు. ఒకసారి ఇంట్లో కరిగించి, నీరు ఓడ్చి తూచి చూడండి. రాసిన బరువు వస్తే ఆ బ్రాండును అంటిపెట్టుకోండి. రాకపోతే మళ్లీ కొనకండి. నేను మూడు బ్రాండ్లు ఇలా తూచాను. ఇప్పుడు ఒకటే కొంటున్నాను. పేర్లు చెప్పను, మీ ఊళ్లో ఫ్రిజ్‌కు కరెంటు ఎన్నిసార్లు పోతుందో నాకు తెలియదు కదా. దుకాణంవాడు రాత్రి ఫ్రీజర్ స్విచ్ ఆపేస్తే ఏ బ్రాండూ కాపాడలేదు.

మందుల భయం

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి యాంటీబయాటిక్స్‌ను రొయ్యల పెంపకంలో వాడటం నిషేధం. యూరప్ మన పెంపకం రొయ్యల మీద ఎంత పట్టుదలగా ఉందంటే, 2016లో తనిఖీ చేసే కన్‌సైన్‌మెంట్ల వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. అందుకే యూరప్‌కు పంపే సరుకును పట్టుబడికి ముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబుల్లో పరీక్ష చేయిస్తారు. మన కాలనీ దుకాణంలో రొయ్యను అంతలా ఎవరూ పరీక్షించరు. ఈ అవశేషాలు కంటికి కనపడవు, వాసన రావు, పసుపునీళ్లతో కడిగితే పోవు. కాబట్టి ఇక్కడ మీ చేతిలో ఉన్నది కొనే చోటును ఎంచుకోవడమే. చెరువు దగ్గర కొంటే ‘‘ప్రీ హార్వెస్ట్ టెస్టు చేయించారా అండీ?’’ అని అడగండి. చేయించిన రైతు కాగితం గురించి గర్వంగానే చెబుతాడు.

ఫార్మలిన్ గొడవ 2018లో బాగా రేగింది. అస్సాం ప్రభుత్వం మన చేపలను కొన్నాళ్లు ఆపేసింది. ఈగలు వాలకపోతే ఫార్మలిన్ ఉన్నట్టే అని అప్పటి నుంచి అందరూ చెబుతుంటారు. ఐసు నిండా ఉన్న చేప మీద కూడా ఈగ వాలదు, ఆ పరీక్షను నమ్మి మంచి చేపను వదులుకోకండి. కన్ను పాలలా తెల్లబడి, ఒళ్లు మాత్రం రబ్బరులా బిగుసుకుని ఉండి, చేప వాసనే లేకపోతే అప్పుడు అనుమానించాలి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీనికోసం కాగితపు స్ట్రిప్పుల కిట్ తయారు చేసింది. అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఒక కిట్ కొనుక్కుంటే రోజూ జరిగే వాదనలు తీరతాయి.

పీత, పులస: రెండే మాటలు

మండపీతలు ప్రాణంతో సింగపూర్, చైనా పోతాయి. బరువైనవి ముందే ఏరేస్తారు. మనకు మిగిలేవాటిలో కొత్తగా పెంకు మార్చుకున్న నీళ్లపీతలు ఉంటాయి. వండితే లోపల ఏమీ ఉండదు. పీతను తిరగేసి కాళ్ల మొదలు దగ్గర బొటనవేలితో నొక్కండి. రాయిలా ఉంటే కండ ఉన్నట్టు, లోపలికి పోతే వదిలేయండి. డెక్కలు కట్టిన తాడు కూడా చూడండి. నీళ్లు పీల్చిన లావుపాటి నార తాడుకు మీరు పీత ధర ఇస్తున్నారు.

పులస గోదావరికి వరద వచ్చే రోజుల్లో, జూలై నుంచి సెప్టెంబరు దాకా దొరుకుతుంది. సముద్రం నుంచి ఎదురీది వచ్చిన ఇలసే పులస. ఒడిశా, బెంగాల్ నుంచి ఐసు పెట్టెలో వచ్చిన ఇలసకు కూడా రాజమండ్రిలో అదే పేరు పెడతారు. పుస్తెలు అమ్మే ముందు అమ్మేవాడెవరో చూసుకోండి.

ఇంటికి తెచ్చాక

ఇంత కష్టపడి తెచ్చి, స్కూటర్ హ్యాండిల్‌కు నల్ల కవరులో తగిలించి, దారిలో కూరగాయలకు ఆగేవాళ్లున్నారు. నేనూ ఆగాను. మూతున్న డబ్బా పట్టుకెళ్లండి, అందులో రొయ్యల బరువంత ఐసు వేయండి. ఎండాకాలం కిలోకు కిలో ఐసు ఎక్కువేం కాదు.

ఆ రోజే వండకపోతే జల్లెడ గిన్నెలో ఐసు మీద రొయ్య పరిచి, కింద మరో గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కరిగిన నీరు కిందికి దిగాలి, రొయ్య నీళ్లలో నానకూడదు. అలా ఒక రోజు బాగుంటుంది, రెండో రోజుకు ఒప్పుకోవచ్చు. అంతకు మించితే ఫ్రీజర్లోకి పంపండి, ఒక్కో పూటకు సరిపడా చిన్న పొట్లాలుగా కట్టి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకూడదు. ఉప్పు, పసుపు వేసి కడగడం మంచిదే, వండే ముందు. కడిగి దాస్తే త్వరగా పాడవుతుంది.

ఇక తలల సంగతి. తలలూ పెంకులూ కొంచెం నూనెలో ఎర్రగా వేయించి, రెండు గ్లాసుల నీళ్లు పోసి పావుగంట మరిగించి వడకట్టండి. ఇగురులో మామూలు నీళ్లకు బదులు ఆ నీళ్లు పోయండి. మా అత్తగారు ఆ కూర తిని ‘‘ఇవాళ రొయ్యలు చెరువు దగ్గరివా?’’ అన్నారు. ప్యాకెట్‌వి. తలలు మాత్రం అంతకుముందు శనివారం రాంనగర్ నుంచి తెచ్చి ఫ్రీజర్లో దాచినవి.

అమెరికాలో ఉన్నవాళ్లు కూడా ఈ కౌంట్ లెక్కే వాడుకోవచ్చు. అక్కడ ప్యాకెట్ మీద 21/25 అని ఉంటే పౌనుకు అన్ని, అదీ తల లేకుండా. మన గట్టు లెక్కలో అది సుమారు 30 కౌంట్. 26/30 అంటే 40 కౌంట్ దగ్గర. ఇగురుకు 41/50 చాలు, డబ్బు మిగులుతుంది. వేడినీళ్లలో కరిగించకండి, ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి.

ఇదంతా మా బావమరిదికి ఫోన్‌లో చెప్పాను. అంతా విని, ‘‘అన్నీ బాగానే ఉన్నాయి బావా, మరి ఆ తలల నీళ్ల రుచి నాకెలా వస్తుంది?’’ అన్నాడు. ఏం చెప్పను? తలలు ఇక్కడి ఫ్యాక్టరీలోనే ఉండిపోయాయి.